కొగ్గలలోని స్మారకగృహము

సింహళద్వీపముయొక్క దక్షిణతీరమున, గాలె పట్టణమునకు ఆగ్నేయముగా కొగ్గల యను గ్రామము కలదు. సింహళ భాషాసాహిత్యములకు పేరుగాంచిన మార్టిన్ విక్రమసింఘె గారు 1890వ సంవత్సరము మే 29వ తేదీన ఇచ్చట జన్మించిరి. వారు పుట్టిన యిల్లే నేడు వారి స్మారకము.

ఆ యింటిని చూడబోవు విద్యార్థి మొదట తెలిసికొనదగినది, అది నిలిచియుండుటయే యొక వింత యనునది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు వైమానికదళమువారు కొగ్గల సరస్సును నీటిపై దిగు విమానములకు స్థావరముగా జేసికొనిరి. అందుకై గ్రామస్థులను లేవగొట్టి, ఇండ్లు కూల్చిరి. ఈ గృహము మాత్రము మిగిలెను. 1942 ఏప్రిల్ 4వ తేదీన జపాను నౌకాబలము వచ్చుచున్నదని కనిపెట్టిన విమానము ఇచ్చటినుండి లేచినదే. మరి రెండు దినములకు మన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడిన సంగతి, పెద్దలు చెప్పగా మీలో కొందరు వినియుందురు.

విక్రమసింఘె గారు గ్రామములో సింహళము నేర్చి, పిమ్మట గాలెలోని బ్వోనవిస్తా మిషను పాఠశాలలో ఆంగ్లము చదివిరి. తండ్రి మరణించుటచే ఆ చదువు సాగలేదు. తరువాతి పాండిత్యమంతయు స్వయంకృషివలన గలిగినదే. వారు "దినమిన" పత్రికకు సంపాదకులుగా నుండిరి. నవలలు, కథలు, విమర్శలు పెక్కు వ్రాసిరి.

వానిలో 1944లో వెలువడిన "గంపెరళియ" ముఖ్యము. గమ యనగా గ్రామము. సంస్కృతమునందలి గ్రామశబ్దమే అట్లు మారినది. మన నందిగామలోని గామ కూడ దాని చుట్టమే. పెరళియ యనగా తలక్రిందగుట. ఇది విమానస్థావరపు కథ యని పొరబడరాదు. పాతకాలపు పెద్దకుటుంబ మొకటి క్రమముగా క్షీణించుటయు, ఆ యింటి పిల్లకు ఆంగ్లము చెప్పిన పియల్ యను పేదయువకుడు పట్టణమునకు బోయి వర్తకమున ధనికు డగుటయు ఇందలి కథ. అయినను, సొంత గ్రామము నిజముగా తలక్రిందైన రెండేండ్లకే ఈ పేరుగల గ్రంథము వెలువడుట చదువరిని ఆలోచింపజేయక మానదు.

ఇంటి యావరణలో జానపదవస్తు ప్రదర్శనశాల యున్నది. సేద్యపు పనిముట్లు, చేపలు పట్టు సాధనములు, కుండలు, బండ్లు, నాట్యపు ముఖకవచములు, బొమ్మలాటల బొమ్మలు అందు జూడవచ్చును. భాషాపండితుని యింట నాగలి యేల యని బాలురు అడుగవచ్చును. వస్తువు వాడుక తప్పినచో దాని పేరును నోట నిలువదు. నిఘంటువు ఆ పేరునకు అర్థము చెప్పునేగాని, దాని యాకారమును, బరువును చూపజాలదు గదా!

విక్రమసింఘె గారు 1976 జూలై 23వ తేదీన దివంగతులైరి. వారి సమాధి ఆ యింటిచెంతనే కలదు.