గేటు దగ్గరే గొడవంతా

ప్రశ్న: మా ల్యాబ్రడార్‌కు ఏడాదిన్నర. ఇంట్లో గడుగ్గాయి. మొన్న కాలనీ డాగ్ పార్కుకు తీసుకెళ్తే, గేటు తియ్యగానే నాలుగైదు కుక్కలు చుట్టుముట్టాయి. తోక ముడిచి నా కాళ్ల మధ్య దూరాడు. కాసేపటికి ఒకదాని మీద గుర్రుమన్నాడు. అందరూ నావంకే చూశారు. ఇక వెళ్లడం మానెయ్యాలా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: మానెయ్యక్కర్లేదమ్మా. ముందు వాణ్ని తిట్టడం మానండి. గుర్రుమనడమంటే ‘దూరంగా ఉండు’ అని చెప్పడం. దానికి తన్నులు తిన్న కుక్క, రేపు చెప్పకుండానే కరుస్తుంది.

కొండాపూర్‌లో 2018లో జీహెచ్ఎంసీ తెరిచిన డాగ్ పార్కు 1.3 ఎకరాలు. అంత జాగా ఉంటే భయపడ్డ కుక్క పక్కకు తప్పుకుంటుంది. కాలనీల్లోనేమో మూలనున్న ఖాళీ జాగాకు కంచె వేసి పార్కంటున్నాం. అక్కడ తప్పుకోవడానికి చోటేది?

అందుకే రద్దీ లేని వేళ చూసుకోండి. ముందు కంచె బయటే ఓ రెండు చుట్లు తిప్పండి, జాలీలోంచి వాసనలు చూసుకోనివ్వండి. గేటు దగ్గర గుంపు ఉంటే అది చెదిరేదాకా ఆగండి. రెండు గేట్లుంటే వాటి మధ్యలోనే లీష్ విప్పేయండి. మిగతావన్నీ వదులుగా తిరుగుతుంటే ఒక్కడే కట్టేసి ఉండటం వాడికి ప్రాణసంకటం. లోపలికెళ్లాక నిలబడొద్దు, అవతలి మూలకు నడవండి. వాడూ వెంట వస్తాడు.

ముందుకాళ్లు వంచి, పిరుదులు పైకెత్తితే ఆటకు పిలుపు. వంతులవారీగా తరుముకుంటే ఆటే. ఎంతసేపూ ఒకటే తరుముతూ, రెండోది తోక ముడిచి మూతి నాక్కుంటుంటే వెంటనే పిలిచేయండి. బంతులు, బిస్కెట్లు బయటే ఉంచండి. నిజం చెప్పాలంటే, పార్కులో నాకు కుక్కలకంటే ఫోన్‌లో తల దూర్చిన యజమానులంటేనే భయం.

కొట్టుకుంటే మధ్యలో చెయ్యి పెట్టకండి. మనిషికి పన్ను తగిలితే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా పప్పీకి మూడు నెలలు. పార్కుకు తీసుకెళ్లొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పదహారు వారాల వయసుకు టీకాల వరుస పూర్తిచేసి, మరో రెండు వారాలు ఆగండి. అలాగని ఇంట్లో బంధించకండి. చంకనెత్తుకుని వీధి చూపించండి: ఆటోల మోత, హెల్మెట్ మనుషులు, స్కూలు పిల్లలు. పార్కుకు వెళ్లడం మొదలెట్టాక, ఇంటికొచ్చిన ప్రతిసారీ చెవుల్లోనూ వేళ్ల సందుల్లోనూ పేలు, గోమార్లు వెతకండి. వానాకాలంలో గుంటల్లో నీళ్లు తాగనివ్వొద్దు, లెప్టోస్పైరోసిస్ ప్రమాదం.

ప్రశ్న: మా ఆడకుక్క ఎదకొచ్చింది. వారం ఆగితే చాలా?

జవాబు: చాలదు. మూడు వారాలు పార్కు మాట తలపెట్టకండి. రక్తస్రావం తగ్గింది కదా అని వారం తర్వాత తీసుకెళ్తారు చాలామంది. గర్భం నిలిచే రోజులు సాధారణంగా మొదలయ్యేది అప్పుడే.