హైడ్రోజన్‌కు కాపలా పొర

1800వ సంవత్సరంలో ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నీటిలోకి విద్యుత్తును పంపి, దానిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడదీశారు. ఈ ప్రక్రియనే జల విద్యుద్విశ్లేషణ అంటారు. హైడ్రోజన్ మండితే తిరిగి నీరే ఏర్పడుతుంది. అందువల్ల ఎండ, గాలి నుండి లభించే విద్యుత్తుతో ఈ ఇంధనాన్ని తయారుచేయడానికి అనేక దేశాలు కృషి చేస్తున్నాయి. 2023 జనవరిలో భారత ప్రభుత్వం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ ఆశయమూ ఇదే.

అయితే విడిపోయిన వాయువులు మళ్ళీ కలవడం ప్రమాదకరం. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ సుమారు 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు, ఆ మిశ్రమం అంటుకుంటుంది. అందుకే ఒక రకం యంత్రాలలో రెండు ఎలక్ట్రోడుల నడుమ పలుచని పాలిమర్ పొరను అమర్చుతారు. 1960వ దశకంలో అమెరికాలోని డ్యుపాంట్ సంస్థలో వాల్టర్ గ్రాట్ రూపొందించిన నాఫియాన్ ఇటువంటి పొరలలో ప్రసిద్ధమైనది. ఇది ప్రోటానులకు దారి ఇచ్చి, వాయువులను అడ్డగిస్తుంది.

కాని ఆ అడ్డు సంపూర్ణమైనది కాదు. కొద్దిపాటి ఆక్సిజన్ పొరను దాటి, హైడ్రోజన్ వెలువడే కాథోడును చేరుతుంది. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. లోహభాగాల నుండి నీటిలోకి చేరిన ఇనుప అయానులు ఆ పెరాక్సైడును చీల్చి, హైడ్రాక్సిల్ ప్రాతిపదికలను పుట్టిస్తాయి. 1894లో ఫెంటన్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన చర్య ఇదే. ఇందులో ఇనుము తిరిగి పూర్వరూపం పొందుతూ ఉంటుంది గనుక, లేశమాత్రమైనా చేటు చేస్తుంది.

ఈ ప్రాతిపదికలు పాలిమర్ గొలుసు కొసలలోని బలహీనమైన సమూహాలపై దాడి చేస్తాయి. కొస విప్పిన అల్లికలా గొలుసు క్రమంగా ఊడిపోతుంది. దానిలోని ఫ్లోరిన్ ఫ్లోరైడుగా నీటిలో కలుస్తుంది. పొర పలుచబడిన కొద్దీ వాయువుల చొరబాటు పెరుగుతుంది. చెదపట్టిన దూలం వలె పొర పైకి గట్టిగానే కనిపించినా, బయటికి వచ్చే నీటిలో ఫ్లోరైడును కొలిస్తే లోపలి క్షయం తెలిసిపోతుంది.

దీని నివారణకు అయానులు తొలగించిన శుద్ధజలాన్ని వాడుతారు. గొలుసు కొసలను ఫ్లోరిన్‌తో పటిష్ఠం చేస్తారు. ప్రాతిపదికలను అణచే సీరియం అయానులను పొరలో చేర్చుతారు. పొర మందం పెంచితే వాయువుల చొరబాటు తగ్గుతుంది. కాని విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది. పలుచని పొరకు దీర్ఘాయువు సాధించడమే నేటి పరిశోధకుల ముందున్న పరీక్ష. హైడ్రోజన్ చౌకగా, క్షేమంగా లభించడం కొంతవరకు దీనిపై కూడా ఆధారపడి ఉంది.