బిడ్డ వార్డులో ఉన్నప్పుడు: కోల్‌కతా తెలుగు కుటుంబాల ప్రశ్నలు

ఖరగ్‌పూర్ నుంచో, గార్డెన్ రీచ్ నుంచో బిడ్డను ఎత్తుకుని ఫూల్‌బాగాన్‌లోని బి.సి. రాయ్ పిల్లల ఆసుపత్రికి వచ్చేవాళ్లుంటారు. 1956లో డాక్టర్ కె.సి. చౌధురి పార్క్ సర్కస్‌లో స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్‌కు వెళ్లేవాళ్లూ ఉంటారు. ఎక్కడ చేర్చినా కంగారులో అడగాల్సినవి గుర్తుకు రావు. అందుకే ఇవి.

పసిగుడ్డును ప్రత్యేక యూనిట్‌లో పెట్టారు. తల్లిని లోపలికి రానిస్తారా?

రానివ్వాలి. నవజాత శిశువుల సంరక్షణలో కుటుంబాన్ని భాగం చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది చట్టం కాదు గానీ, ప్రభుత్వ ఆసుపత్రిలో గట్టిగా అడగడానికి ఆధారం. చేతులు ఎలా కడుక్కోవాలి, గౌను ఎలా వేసుకోవాలి, ఉగ్గుగిన్నెతో పాలెలా పట్టాలి, బిడ్డను గుండెకు ఎలా హత్తుకోవాలి అన్నవి సిస్టరే నేర్పాలి. జిల్లా స్థాయి నవజాత యూనిట్ల విషయంలో దేశానికి దారి చూపింది ఈ రాష్ట్రంలోని పురూలియానే, 2003లో. అలాంటి చోట తల్లిని గుమ్మం బయట కూర్చోబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రాత్రి పూట ఆయాను పెట్టుకోమంటున్నారు. ఆమె ఏం చేయవచ్చు?

తుడవడం, బట్టలు మార్చడం, తోడుండటం. అంతవరకే. సెలైన్ వేగం మార్చడం, ఇంజెక్షన్ ఇవ్వడం, ముక్కు గొట్టంలోంచి పాలు పోయడం రిజిస్టరైన నర్సు పనులు. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి ఉబ్బినా, చల్లబడినా, అక్కడ ముట్టుకోగానే బిడ్డ కేకపెట్టినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే సిస్టర్‌ను పిలవండి. మందు నరంలోకి పోకుండా చుట్టూ చర్మంలోకి దిగుతోందేమో ఆమె చూడాలి. మాటిమాటికీ పిలిస్తే విసుక్కుంటారని మొహమాటపడే తల్లులను చూశాను. ఇక్కడ మొహమాటం వద్దు.

బెంగాలీ రాదు. కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు.

అర్థం కాకుండా పెట్టకండి. రోగికి తెలిసిన భాషలో వివరించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతుంది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినా, వార్డులో తెలుగు చెప్పే మనిషి ఉంటారని కాదు. హిందీలో చెప్పించుకోండి, లేదా తెలిసినవాళ్లను ఫోన్లో కలపండి.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఆమె మాటకు విలువుందా?

ఉంది. పన్నెండేళ్ల లోపు వాళ్లకు సంరక్షకుల అనుమతే ఆధారం. ఆ పైన పద్దెనిమిది వరకు కూడా ఆసుపత్రులు తల్లిదండ్రుల సంతకమే అడుగుతాయి. సంతకం మీదైనా శరీరం తనది. ఏం చేయబోతున్నారో తనకూ చెప్పించండి, పరీక్షప్పుడు తెర వేయమని అడగండి. మానసిక చికిత్సకు చేర్చాల్సి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచాలి, తల్లి గానీ మీరు నియమించిన మహిళా తోడు గానీ ఎప్పుడూ దగ్గరుండాలి. లైంగిక దాడి జరిగిన ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, పిల్ల నమ్మే మనిషి పక్కన ఉండాలి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) నిబంధనల ప్రకారం అత్యవసర చికిత్సకు ముందు పోలీసు కాగితం అడగకూడదు.

డబ్బా పాలు మొదలుపెట్టమన్నారు. ఫలానా బ్రాండే కొనాలా?

అక్కర్లేదు. 1992 నాటి చట్టం ఆసుపత్రిలో డబ్బా పాల ప్రచారాన్ని నిషేధించింది. తల్లిపాలు ఎందుకు చాలవో ముందు డాక్టరును అడగండి.

చేతిలో డబ్బు లేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు జబ్బు బిడ్డకు మందులు, పరీక్షలు, ఇంటికి చేర్చే వాహనం జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. ప్రాణం మీదికొచ్చిన బిడ్డను డబ్బు కట్టలేదని ప్రైవేటు ఆసుపత్రి తిప్పి పంపకూడదని రాష్ట్ర 2017 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం చెబుతుంది. అలా జరిగితే ఆ చట్టం కింద ఏర్పడిన కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రైతే సూపరింటెండెంట్‌కు రాసివ్వండి, ఒక నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంటికెళ్లేటప్పుడు ఏం తీసుకోవాలి?

డిశ్చార్జ్ కాగితం, అందులో బిడ్డ బరువు, ఆ బరువుకు లెక్కగట్టిన మందు మోతాదు. ఎన్ని మిల్లీలీటర్లో సిస్టర్ చేత కొలిచి చూపించుకోండి, ఆ తర్వాత ఆమె ముందే మీరు కొలవండి. కేసు రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.