మొగలి చెట్టు మీద నీలి బల్లి

టాంజానియాలో ఉలుగురు కొండల దిగువన కింబోజా అడవి ఉంది. లైగోడాక్టిలస్ విలియమ్సి అనే బుల్లి బల్లికి అదే ప్రధాన ఆవాసం. మగది మెరిసే నీలం. ఆడది ఆకుపచ్చ, కంచు రంగుల కలబోత. కాపురమంతా పాండానస్ రబాయెన్సిస్ చెట్ల మీదే. ఈ చెట్టు మన మొగలికి దగ్గరి చుట్టమన్నమాట. ముళ్ల ఆకుల గుత్తిలో దాక్కున్న బల్లి అంత తేలిగ్గా చేతికి చిక్కదు. అందుకే పెంపుడు జంతువుల వ్యాపారానికి పట్టేవాళ్లు ఏకంగా చెట్టునే నరికేస్తారు. బల్లి పోతుంది, దాని ఇల్లూ పోతుంది! కలప నరికివేత, అడవి మంటలు, బయటి నుంచి తెచ్చిన సెడ్రెలా చెట్ల విస్తరణ అదనపు ముప్పులు.

ఐయూసీఎన్ హోదా: అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతి (2012). 2016 జొహానెస్‌బర్గ్ సైట్స్ (అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) సదస్సు ఈ బల్లిని అనుబంధం-1లో చేర్చింది.

తిరుమల కొండల బంగారు బల్లి వేరు, ఇది వేరు. రెండూ ఒకటేనని తికమక పడొద్దు.