పైరులోని కణములు - ఎరువు వేయుటలో జాగ్రత్త

రైతులారా! ఇల్లు ఇటుకలతో కట్టబడినట్లు పైరు కణములతో నిర్మింపబడి యున్నది. ఇవి మిక్కిలి చిన్నవగుటచే సూక్ష్మదర్శినితో గాని కానరావు. 1665 వ సంవత్సరమున రాబర్టు హుక్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు బిరడాచెక్క తునకలో వీని గూళ్లను చూచి వర్ణించెను.

కణమునకు వెలుపల గట్టి గోడ కలదు. దానికి లోపలనున్న పలుచని పొర నీటిని పోనిచ్చును. లవణములను ఏరి లోనికి తీసికొనును. లోపలి జీవపదార్థమునందలి కేంద్రకము కణమునకు పెత్తనదారు. తల్లిమొక్క గుణములు పిల్లమొక్కకు వచ్చుట ముఖ్యముగా దీనివలననే. ఆకులందలి పచ్చని రేణువులు ఎండ సాయమున ఆహారమును తయారుచేయును. మైటోకాండ్రియా అను కణికలు ఆ ఆహారమునుండి శక్తిని తీయును. నడుమ నీటితిత్తి కలదు. అది నిండుగా నున్నంతవరకు ఆకు వాడదు.

మామిడి ముక్కలకు ఉప్పు పట్టించినచో నీరూరుట మీరెరుగుదురు. అట్లే తడి చాలని నేలలో అమ్మోనియం సల్ఫేటు, పొటాషు వంటి ఎరువులను వేరునకు తగులునట్లు కుప్పగా వేసినచో, నేలనీరు ఉప్పుతో చిక్కనై, కణములలోని నీరు వెలికి లాగబడును. పైరు వాడి మాడిపోవును.

కావున నేల పదునుగా నున్నపుడు, మొదలునకు బెత్తెడు ఎడముగా, కొద్దికొద్దిగా పలుమారులు వేసి మట్టి కప్పవలెను. పొరపాటు జరిగినచో వెంటనే మంచినీరు పారింపవలెను. కణము చచ్చిన పిదప ఎంత నీరు పెట్టినను ఫలము లేదు.