నలుగురూ కూర్చుంటేనే ఊరి కథ

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి,

నాన్నా, మన ఊరి పెద్దవాళ్ళ జ్ఞాపకాలు సేకరించి పుస్తకం వెయ్యాలని అనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నీతో చదువుకుని ఇప్పుడు హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న పిల్లలు తలో చెయ్యీ వేస్తామన్నారట. చాలా సంతోషించాను. బడిలో పాఠాలు చెప్పి బతికినదాన్ని కాబట్టి, నువ్వు అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటిది, ఆలస్యం చెయ్యకు. ఒకప్పుడు మన వైపు నుంచి కూలి పనులకి ఓడలెక్కి రంగం, అంటే బర్మా, వెళ్ళినవాళ్ళు ఎందరో. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన వెనక్కి వచ్చిన లక్షలమందిలో మనవాళ్ళూ ఉన్నారు. దారిలో ఏం తిన్నారు, ఎవరిని పోగొట్టుకున్నారు, ఇల్లు చేరాక ఏం చేసి బతికారు అన్నది ఆ ఇళ్ళలో ఒక్కొక్కటీ ఒక పెద్ద కథ. ఇప్పుడు అడిగితే ‘మా ముత్తాత రంగం నుంచి నడిచొచ్చాడట’ అన్న ఒక్క ముక్క వినిపిస్తుంది. అంతకు ముందు మాట చూడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన కాటన్ దొరకి మన వైపు ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయనకి ఆ గౌరవం న్యాయమే. ఆ రాళ్ళు మోసినవాళ్ళూ, ఆ కాలవలు తవ్వినవాళ్ళూ వేలమంది. వాళ్ళు ఇంటికెళ్ళి పిల్లలతో ఏం చెప్పుకున్నారో మనకి తెలియదు. అడిగి రాసుకున్నవాళ్ళు లేకపోతే ఒక తరం పడ్డ పాటంతా అలాగే పోతుంది.

మన గడ్డకి రాసుకునే అలవాటు లేక కాదు. వీరేశలింగంగారు స్వీయచరిత్ర రాశారు. శ్రీపాదవారు ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ఇచ్చారు. చిలకమర్తివారు చూపు పోయాక కూడా చెప్పి రాయించారు. మనసులో ఉన్నదాన్ని కాగితం మీద పెట్టే చెయ్యి ఒకటి దొరికితే ఎంత దక్కుతుందో చూడు. మన కొబ్బరి దింపు కార్మికుడికీ, లాకుల దగ్గర లస్కరుకీ, పంటు నడిపిన సరంగుకీ ఆ చెయ్యి దొరకలేదు. నువ్వూ నీ స్నేహితులూ ఆ చెయ్యి అవ్వాలి. వంశీగారు రాసిన ‘మా పసలపూడి కథలు’ చదివి ఎక్కడెక్కడి వాళ్ళో తమ ఊరిని తలుచుకున్నారు. అది ఒక రచయిత తన ఊరి మీద ప్రేమతో అల్లిన సాహిత్యం. నువ్వు తలపెట్టినదాంట్లో అల్లిక తగ్గాలి, చెప్పే గొంతులు పెరగాలి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇది. ఒక్కొక్కరి ముందూ ఫోను పెట్టి ‘మీ జీవితం గురించి చెప్పండి’ అనకు. ఏముంది చెప్పడానికి, పుట్టాం, కష్టపడ్డాం అంటారు. నలుగురినీ ఒక అరుగు మీద కలిపి కూర్చోబెట్టు. 1986 ఆగస్టు గోదారి వరద సంగతే చూడు. ఆ నెల 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని ప్రభుత్వ రికార్డుల్లో ఉంటుంది. గట్లు తెగినప్పుడు లంకల్లో ఏ ఇంట్లో ఏం జరిగిందన్నది మనుషుల దగ్గరే ఉంది. ఒకరు గట్టు మీద ఇసక బస్తాలు వేస్తున్నారు. ఒకరు పశువుల పలుపులు కోసి వదిలేశారు. ఒకామె పసిబిడ్డని ఎత్తుకుని బడి డాబా ఎక్కింది. ఒకరు పడవ మీద చూరు చూరుకీ తిరిగి మనుషుల్ని దింపుకొచ్చారు. ఎవరి దగ్గరా మొత్తం కథ లేదు. కలిసి కూర్చుంటే ఒకరు మొదలెడతారు. ‘కాదులే, అప్పటికింకా నీళ్ళు రామాలయం మెట్లెక్కలేదు’ అని ఇంకొకరు సరిచేస్తారు. మూడోవాళ్ళకి ఎన్నాళ్ళుగానో నోట రాని పేరొకటి తడుతుంది. ఇద్దరి మాటా కలవకపోతే రెండూ రాయి. ఎవరిది నిజమో తేల్చేయడానికి తొందరపడకు. ఒకరు తూర్పుగట్టు మీద నుంచి చూశారు, ఇంకొకరు చెరువు వైపు నుంచి చూశారు.

అయితే ఒక్క అరుగు మీద కూర్చుంటే సరిపోదు. పెద్దవీధిలో మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు నోరు విప్పరు. వాళ్ళని విడిగా, వాళ్ళకి తీరిక దొరికే వేళ కలువు. దళితపేటకి నువ్వే వెళ్ళు. అక్కడివాళ్ళని పిలిపించుకోకు. రేవు దగ్గర మత్స్యకారుల దగ్గరకీ వెళ్ళు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళని ఊరూరా తిరిగి అడిగి, వాళ్ళు చెప్పినది చెప్పినట్టుగా ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో అచ్చు వేశారు. దళాలకి అన్నం వండి మోసినవాళ్ళ మాట అంతకు ముందు చరిత్రగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ పుస్తకం సంపాదించి మీరంతా చదవండి.

ప్రశ్నలు పని చుట్టూ, వస్తువుల చుట్టూ అడుగు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన రాక ముందు రేవు ఎలా దాటేవారు, రాత్రిపూట కాన్పు వస్తే ఏం చేసేవారు? కాలవలు కట్టేసిన రోజుల్లో తాగే నీళ్ళు ఎక్కడివి? దాళ్వా ఊడ్పులకి కూలి ధాన్యంగా ఇచ్చేవారా, డబ్బుగానా? 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో కూలిపోయాయి. మళ్ళీ నాటిన మొక్క కాపుకొచ్చే దాకా దింపు మీదా ఒలుపు మీదా బతికేవాళ్ళు ఏం తిన్నారు? సముద్రం మీదకెళ్ళి తిరిగి రానివాళ్ళ ఇళ్ళు ఎలా నిలబడ్డాయి? ఇలా అడిగితే జీవితం దానంతట అదే బయటికొస్తుంది.

బాధ కలిగించే మాటలూ వస్తాయి. ఎవరికి ఏ నూతిలో నీళ్ళు తోడనివ్వలేదు, ఎవరికి గ్లాసు విడిగా పెట్టారు, ఎవరిని గుడి బయటే నిలబెట్టారు అన్నవి వస్తాయి. ఊరికి చెడ్డపేరని వాటిని కొట్టెయ్యకు. అలా కొట్టేస్తే అది సగం ఊరి పుస్తకమే అవుతుంది. ఇళ్ళలో తగవులూ, పెళ్ళిళ్ళ గుట్లూ మాత్రం చెప్పినవాళ్ళ అనుమతి లేకుండా అచ్చు వెయ్యకు. ఎవరు చెప్పినది వాళ్ళకి చదివి వినిపించి, సరే అన్నాకే ముందుకెళ్ళు.

వాళ్ళ యాసని పాఠ్యపుస్తకం భాషలోకి మార్చకు. రికార్డు చేసేటప్పుడు తేదీ, ఊరు, చెప్పేవాళ్ళ పేరు, వయసు మొదట్లోనే పలికించు. పాత ఫోటోల వెనక పేర్లు పెన్సిలుతో రాయించు. అన్నీ ఒక్క ఫోనులోనే ఉంచకు. పుస్తకం అయ్యాక ఊరి బడికొకటి, మండల గ్రంథాలయానికొకటి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికొకటి ఇవ్వు.

మన ఊరు ఎక్కడికి పోతుందిలే అనుకునేవాళ్ళకి దేవీపట్నం సంగతి చెప్పు. పోలవరం పనుల వల్ల గోదారి ఒడ్డున ఉన్న ఆ ఊరూ, చుట్టుపక్కల ఊళ్ళూ ముంపులోకి వెళ్ళాయి. మనుషులు పునరావాస కాలనీలకి చేరారు. వాళ్ళ వీధి ఇప్పుడు వాళ్ళ మాటల్లోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైన ఐరోపా ఊళ్ళ యూదులు దేశదేశాలకి చెదిరిపోయాక కూడా, బతికి బయటపడ్డవాళ్ళంతా కలిసి ఊరికో స్మృతి గ్రంథం వేసుకున్నారు. వీధుల పటాలు చేత్తో గీసుకున్నారు, పోయినవాళ్ళ పేర్లన్నీ వరసగా రాసుకున్నారు. మన ఊరు అలాగే ఉంది, దాన్ని ఎరిగినవాళ్ళూ ఉన్నారు. ఇంత సుళువుగా పని జరిగే రోజులు ఎక్కువ మిగల్లేదు.

సంక్రాంతికి ఎలాగూ వస్తారుగా, అందరూ భోగికి నాలుగు రోజుల ముందే వచ్చేలా సెలవు పెట్టండి. పండగ నాడు ఎవరికీ తీరిక ఉండదు. 80 దాటినవాళ్ళ ఇళ్ళతో మొదలుపెట్టండి. ఆడవాళ్ళ దగ్గరకీ, పేటలోకీ నేను కూడా వస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య