పళవేర్కాడు దీపస్తంభం దాకా నడిచిపోండి

సూళగిరి



ఆదివారం స్నేహితురాళ్లతో ఎక్కడికైనా పోవాలనుంది, కొండలెక్కే ఓపిక మాత్రం ఎవరికీ లేదు అని రాసినావు. అయితే పళవేర్కాడుకు పోండి. పులికాట్ అని మీ మద్రాసులో అనేది ఆ ఊరినే. పొన్నేరి దాకా లోకల్ రైలు, ఆపైన బస్సు. ఊరు దాటి వంతెన మీదుగా పోతే, సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుకదిబ్బ మీద లైట్‌హౌస్ కుప్పం వస్తుంది. దారంతా చదునే. ఎండ ముదరకముందే బయలుదేరండి, తాగే నీళ్లు మోసుకుపోండి.

మన ఊరికి వచ్చేవాళ్లకు దారి చెప్పే పని లేదు. హైవే మీదినుంచే కొండ కనబడుతుంది. ఆ తీరానికి అట్లాంటి కొండ లేదు. సముద్రం మీదినుంచి చూస్తే నేలంతా ఒక సన్నటి గీత. దాని ముందర నీళ్ల అడుగున ఇసుకమెట్టలు. చీకట్లో వాటిమీద ఓడ కూరుకుపోతే సరుకూ పోతుంది, ప్రాణాలూ పోతాయి. అందుకే 1859లో అక్కడ దీపం పెట్టినారు. పైకి ఎక్కనిస్తే ఎక్కండి, లేదంటే కిందినుంచి చూసినా చాలు.

వంతెన మీద బండిలో దూసుకుపోవద్దు, నడవండి. సరస్సు చాలాచోట్ల నడుములోతు కూడా ఉండదు. చలికాలంలో ఫ్లెమింగోలు ఆ నీళ్లలోనే నిలబడి మేస్తాయి. బెస్తవాళ్లను ‘పాడు’ గురించి అడుగు. ఏ రోజు ఎవరు ఏ చోట వల వేయాలో వాళ్లు వంతులు పెట్టుకుంటారు. చేప బాగా పడే చోటు ఏ ఒక్కరి సొంతమూ కాకుండా, బలం లేనివాడికీ కూడు దొరికేలా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. మీ కాలేజీలో చెప్పే అర్థశాస్త్రానికి ఇది తీసిపోదు.

తిరిగి వచ్చేటప్పుడు డచ్చివాళ్ల సమాధులు చూడండి. వాకిట్లో రాతిలో చెక్కిన ఎముకల గూళ్లు నిలబడి ఉంటాయి. 1613లో గెల్డ్రియా కోట కట్టి, మన నేతగాళ్లు నేసిన బట్టను తూర్పు దీవులకు ఓడలకెత్తినవాళ్లు వాళ్లు. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. జనాన్ని కుక్కిన పడవ ఎక్కొద్దు. 2011 క్రిస్మస్ రోజు ఆ నీళ్లలోనే పడవ మునిగి 22 మంది పోయినారు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే గట్టునే ఉండండి.

ఆ సరస్సుకు తెలుగులో ప్రళయకావేరి అని పేరు. అందులోని దీవుల్లో తెలుగువాళ్లున్నారు. స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ వాళ్ల బతుకులే, వాళ్ల మాటలోనే. పోయే ముందు చదువు. తమిళనాట ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగినది మనమొక్కరమే అనుకుంటావు నువ్వు. మనం కొండల కింద, వాళ్లు ఉప్పునీళ్ల నడుమ. భాషను నిలబెట్టుకునే పాటు మాత్రం ఇద్దరిదీ ఒకటే. అక్కడ తెలుగు వినబడితే సిగ్గుపడకుండా తెలుగులోనే పలకరించు. వాళ్ల మాట మన మాటకు ఎక్కడ కలిసిందో, ఎక్కడ వేరైందో గమనించి నాకు రాయి.

ఇట్లు,
మీ తాత